‘మా ఊళ్లో చెరువు లేదు మేడమ్’: భాషా అధ్యాపకులకు బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడ డిగ్రీ కాలేజీల్లో తెలుగు, ఇంగ్లీషు, హిందీ, సంస్కృతం చెప్పే తోటి అధ్యాపకులకు నమస్కారం.

పోయిన సెమిస్టర్లో బీకాం మొదటి సంవత్సరం పిల్లలకి ‘మా ఊరి చెరువు’ మీద రెండు పేజీలు రాసుకురమ్మని అసైన్‌మెంట్ ఇచ్చాను. పుస్తకాలు చూడక్కర్లేదు, మీకు తెలిసిందే రాయండని మరీ మరీ చెప్పాను. అరవై నాలుగు కాగితాలొచ్చాయి. ఆదివారం మధ్యాహ్నం వరండాలో కూర్చుని దిద్దుతున్నాను. మూడో కాగితం మొదటి వాక్యం: ‘మా గ్రామంలోని చెరువు ప్రకృతి సౌందర్యానికి నిలయమై, గ్రామ ప్రజల జీవనాధారమై విరాజిల్లుతున్నది.’ తొమ్మిదో కాగితంలోనూ అదే వాక్యం. పదిహేడో దాంట్లోనూ అదే. సాయంత్రానికి లెక్కపెడితే ఇరవై మూడు కాగితాల్లో అక్షరం పొల్లు పోకుండా ఆ వాక్యమే ఉంది. రేపల్లె పిల్లాడి చెరువూ, తెనాలి పక్కనుంచి వచ్చే అమ్మాయి చెరువూ, వినుకొండ అవతల బొల్లాపల్లి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి చెరువూ అన్నీ ఒక్కటే.

మర్నాడు ఆ హాస్టల్ అమ్మాయిని స్టాఫ్ రూముకి పిలిచాను. కోపంగానే పిలిచాను. ‘ఏమ్మా, మీ చెరువు గట్టు మీద ఏముంటుందో చెప్పు’ అన్నాను. తల వంచుకుని కాసేపు నిలబడింది. తర్వాత మెల్లిగా ‘మా ఊళ్లో చెరువు లేదు మేడమ్’ అంది. మరి నీళ్లెట్లా అంటే, ‘ఎండాకాలం ట్యాంకరొచ్చిద్ది మేడమ్’ అంది.

ఇక అక్కడి నుంచి అడక్కుండానే చెప్పుకుపోయింది. రాత్రే బిందెలు వరసలో పెట్టి, ఎవరిది ఏదో తెలియడానికి చీరపేలికలు ఎట్లా కడతారో చెప్పింది. డ్రైవరుకి మజ్జిగిచ్చి మచ్చిక చేసుకున్న ఆవిడ వాకిట్లోనే ట్యాంకరు ఎందుకు ఆగుద్దో చెప్పింది. నీళ్లయిపోయాక అడుగున మిగిలిన మడ్డినీళ్లని వాళ్ల నాయనమ్మ వొంపి గేదెకి పట్టే సంగతి చెప్పింది. ఐదు నిమిషాలు గుక్క తిప్పుకోలేదు. పక్క బల్ల దగ్గర పేపర్లు దిద్దుకుంటున్న కామర్సు మాస్టారు పెన్ను పక్కన పెట్టి విన్నారు.

‘ఇదే రాయొచ్చు కదమ్మా’ అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, ‘ఇట్టా రాస్తే మార్కులేస్తారా మేడమ్?’ అని అడిగింది.

ఆ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. అప్పటి నుంచీ దాన్ని మోసుకుని తిరుగుతున్నాను. మీ ముందు పెట్టాలనే ఈ లేఖ రాస్తున్నాను.

మన పిల్లలు భాషా పేపర్లలో కాపీ ఎందుకు కొడుతున్నారని మనం స్టాఫ్ రూముల్లో మాట్లాడుకున్నప్పుడల్లా సోమరితనం అంటాం, ఫోన్లు అంటాం, తల్లిదండ్రుల పెంపకం అంటాం. వాటిలో నిజం లేదనను. కానీ భాష విషయంలో వాటన్నిటి కంటే లోతైన కారణం ఇంకొకటుందని ఇప్పుడు నాకు గట్టిగా అనిపిస్తోంది. తన నోట్లో ఉన్న మాట కాగితం మీద పెట్టడానికి పనికిరాదని పిల్లలు నమ్ముతున్నారు. ఆ నమ్మకం వాళ్లకి ఇచ్చింది మనమే. తన మాట పనికిరాదనుకున్నవాడు పక్కవాడి మాట తీసుకోక ఏం చేస్తాడు?

ఆ రాత్రి బీరువాలోంచి పాత అసైన్‌మెంట్ల కట్టలు తీసి చూశాను. నా ఎర్ర సిరా నాకే కనపడింది. ‘వచ్చిద్ది’ అని రాస్తే కొట్టేసి ‘వస్తుంది’. ‘ఆడ’ అంటే ‘అక్కడ’. ‘బువ్వ’ అంటే ‘అన్నం’. పక్కన ఎక్కడా ‘బాగా చెప్పావు’ అన్న మాట లేదు. గైడులోంచి దింపిన ‘విరాజిల్లుతున్నది’ మీద మాత్రం ఎర్ర సిరా పడలేదు, ఎందుకంటే అందులో తప్పు లేదు. పల్నాటి పిల్ల తన ఊరి మాట రాస్తే పదికి నాలుగు, ఎవరి మాటో తెచ్చి రాస్తే పదికి ఎనిమిది. పందొమ్మిదేళ్లుగా నేను వేసిన మార్కులు ఇవి. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం జరుపుతాను. వాడుక మాట బడిలోకి రావాలని ఆయన జీవితమంతా పోరాడారని మైకులో చెబుతాను. సెప్టెంబరులో ఇంటర్నల్స్ పేపర్లు దిద్దేటప్పుడు ఆ మాటే కొట్టేస్తున్నాను.

‘వచ్చిద్ది’ రాసిన పిల్లకి ‘వస్తుంది’ కూడా నేర్పాలి, అది మన పనే. రేపు ఆ అమ్మాయి కలెక్టరాఫీసుకి అర్జీ రాయాలి, ఉద్యోగానికి దరఖాస్తు రాయాలి. కాకపోతే ముందు రాయనిచ్చి, తర్వాత దిద్దాలి. మనం వాళ్లు రాయకముందే నోరు మూయిస్తున్నాం.

ఇంకో సంగతి మీకందరికీ తెలుసు, బయటికి అనుకోం. మన దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం రెండో భాషగా తీసుకున్నవాళ్లు. సంస్కృతం మీద నాకు గౌరవం ఉంది, ఇష్టంతో చదివే పిల్లల్ని చూస్తే సంతోషం. కానీ ఎక్కువమంది చదివింది సంస్కృతం కాదు. నాలుగు శ్లోకాలు, పది ప్రశ్నలకి జవాబులు బట్టీ పట్టి తొంభై ఐదు తెచ్చుకున్నారు. ఆ రెండేళ్లలో తెలుగులో ఒక్క పేరా సొంతంగా రాయలేదు, సంస్కృతంలో ఒక్క వాక్యమూ సొంతంగా రాయలేదు. పదహారు, పదిహేడేళ్ల వయసులో రెండేళ్లు చెయ్యి ఆగిపోతే ఎంత నష్టమో భాష చెప్పేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అలాంటి పిల్లలకి డిగ్రీలో ‘సందర్భసహిత వ్యాఖ్య రాయండి’ అంటే గైడు తెరవకుండా ఎలా ఉంటారు? ఆ గైడులోనూ నాలుగు వాక్యాల అచ్చు ఉంటుంది. ‘ఈ వాక్యము ఫలానా కవిచే రచింపబడిన ఫలానా పాఠ్యభాగములోనిది’ అని మొదలవుతుంది. మనం కోరేదీ ఆ నాలుగు వాక్యాలే. అచ్చులో పోసింది అడిగి, అచ్చు వేసుకొచ్చారని కోప్పడటం న్యాయం కాదు.

పరీక్ష హాలు సంగతికి వస్తాను. చాలా ఏళ్ల కిందట నేనొక ప్రైవేటు కాలేజీలో పనిచేశాను. పేరు అవసరం లేదు. సెమిస్టర్ పరీక్షలో ఇన్విజిలేషన్ చేస్తుంటే, కిటికీ పక్కన కూర్చున్న అబ్బాయి హాల్ టికెట్ కింద మైక్రో జిరాక్సు స్లిప్పు దొరికింది. అరచేయంత కాగితం మీద ఎనిమిది పేజీల నోట్సు, చీమ తలకాయంత అక్షరాలు. తీసుకుని చీఫ్ సూపరింటెండెంట్‌కి ఇవ్వబోతే ఆఫీసులోకి పిలిచి, ‘మన పిల్లలే కదా మేడమ్, చూసీ చూడనట్టు పొండి’ అన్నారు. నేను మాట్లాడకుండా తిరిగొచ్చాను. స్లిప్పు ఆ అబ్బాయి బల్ల మీద పెట్టలేదు, నా పర్సులో వేసుకున్నాను. కానీ పేరూ రాసుకోలేదు, పేపరూ తీసుకోలేదు. వాడు పరీక్ష అయిపోయాక నాకు నమస్కారం పెట్టి వెళ్లాడు. ఆ నమస్కారం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ రోజు వాడు మొదటి బల్లలో ఏమీ తోచక తెల్లకాగితం ఇచ్చిన పిల్లాడి కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. ఆ తెల్లకాగితం పిల్లాడికి నేను చేసిన అన్యాయానికి క్షమాపణ చెప్పుకునే వీలు లేదు, వాడి పేరు కూడా నాకు గుర్తు లేదు.

చట్టాలు లేక ఇలా జరగడం లేదు. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాల నివారణకి మన రాష్ట్రంలో 1997 నుంచే చట్టముంది. అయినా 2022 ఏప్రిల్‌లో పదో తరగతి పరీక్షలు మొదలైన రోజే తెలుగు ప్రశ్నపత్రం వాట్సాప్‌లో తిరిగింది, ఆ కేసులో అరెస్టయినవాళ్లలో టీచర్లున్నారు. బయటికి పోయింది మన భాషా పేపరే. ఆ వార్త చదివిన రోజు క్లాసులో నిలబడటానికే సిగ్గేసింది.

ఇక ఇతరుల రాతలు దింపుకోవడం మీద యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018లో తెచ్చిన నిబంధనలున్నాయి. పీహెచ్‌డీ థీసిస్‌లో పోలికలు పది శాతం దాకా ఉంటే ఊరుకుంటారు, ఆపైన మెట్టుమెట్టుకీ శిక్ష పెరుగుతుంది, అరవై శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దు. మనలో చాలామంది గమనించని మాట ఒకటి వాటిలో ఉంది. అసైన్‌మెంట్లు, వ్యాసాలు, జవాబు పత్రాలు ఆ నిబంధనల కిందికి రావని స్పష్టంగా రాశారు. అంటే మన డిగ్రీ పిల్లల కాగితాల గురించి ఢిల్లీ నుంచి ఎవరూ వచ్చి చెప్పరు. నిజాయితీ అంటే ఏమిటో డిగ్రీ స్థాయి నుంచే పాఠంగా చెప్పండని మాత్రం అవే నిబంధనలు కాలేజీలని అడిగాయి. మీలో ఎంతమంది చెప్పారో నాకు తెలియదు. నేను చెప్పలేదు. ‘ఇతరుల వాక్యం తీసుకుంటే కొటేషన్‌లో పెట్టి వాళ్ల పేరు రాయాలి’ అని పందొమ్మిదేళ్లలో ఒక్క క్లాసులో కూడా బోర్డు మీద రాసి చూపించలేదు. చెప్పని పాఠానికి శిక్ష వేస్తూ వచ్చాను.

ఫోన్ల సంగతి. గూగుల్ అనువాదంలోకి తెలుగు 2011లోనే వచ్చింది. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక మన పని తీరే మారిపోయింది. మా హిందీ మేడమ్ ఒక పేరా ఇచ్చి తెలుగులోకి అనువదించమంటే, ‘అది ఇప్పుడు నిన్నటి మాట’ అని రావలసిన చోట పద్నాలుగు కాగితాల్లో ‘అది ఇప్పుడు రేపటి మాట’ అని ఉంది. హిందీలో ‘కల్’ అంటే నిన్నా, రేపూ రెండూను. పద్నాలుగు మందిలో ఒక్కరు కూడా తాము రాసింది ఒకసారి చదువుకోలేదు. చదివుంటే అర్థం కుదరట్లేదని చంటిపిల్లకైనా తెలిసేది. ఆవిడ నాకు ఆ కాగితాలు చూపించి ఏడ్చినంత పని చేశారు.

దీనికి విరుగుడుగా కొన్ని చోట్ల యంత్రం రాసిందో మనిషి రాసిందో చెప్పే సాఫ్ట్‌వేర్ కొందామంటున్నారు. దయచేసి తొందరపడకండి. చాట్‌జీపీటీ చేసిన కంపెనీయే అలాంటి సాధనం ఒకటి తెచ్చి, సరిగ్గా చెప్పలేకపోతోందని 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లని పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కాని అభ్యర్థులు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష కోసం సొంతంగా రాసిన 91 వ్యాసాలు వాటికిస్తే, సగటున సగానికి పైగా యంత్రం రాసినవేనని అవి చెప్పాయి. అమెరికా పిల్లల వ్యాసాల దగ్గర మాత్రం దాదాపు పొరపాటు పడలేదు. చిన్న చిన్న మాటలతో జాగ్రత్తగా రాసే ఇంగ్లీషుని అవి అనుమానిస్తాయి. మాచర్లలోనో మంగళగిరిలోనో తెలుగు మీడియం చదివొచ్చి, కష్టపడి కూడబలుక్కుని ఇంగ్లీషు రాసే మన పిల్లల వాక్యం సరిగ్గా అలాగే ఉంటుంది. దొంగతనం చెయ్యని పిల్లని దొంగ అనడం కంటే పెద్ద తప్పు మన వృత్తిలో లేదని నా అభిప్రాయం.

అలా అని ఫోను రాసిచ్చిందాన్ని వదిలేద్దామా అంటే, వదలకూడదు. ఎందుకో ఒక పిల్లాడు నాకు నేర్పాడు. మా కాలేజీలో చదివి వెళ్లి ఇప్పుడు మిర్చి ఎగుమతి చేసే చోట లెక్కలు రాస్తున్నాడు. ఇంగ్లీషులో మంచి గ్రేడే వచ్చింది. మొన్న వేసవిలో ఇంటికొచ్చాడు, ఫోనులో ఒక మెయిల్ చూపించి చదవమన్నాడు. సరుకులో తాలు కాయలు వేరు చేసి విడిగా సంచులు కట్టామని కొన్నవాళ్లకి చెప్పాలి. మిర్చి యార్డులో తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ, దానికీ ధర ఉంటుంది, దానికీ కొనేవాళ్లుంటారు. యంత్రం ‘తాలు’ని వడ్లలో తాలు అనుకుని ‘చాఫ్’ అని పెట్టింది. అవతలివాళ్లు పొట్టూ చెత్తా కలిపి పంపుతున్నారని అర్థం చేసుకుని కోపంగా జవాబిచ్చారు. వాడికి పని పోలేదు, ఓనరు గట్టిగా కేకలేశాడంతే. కానీ వాడు నాతో అన్న మాట ఇది: ‘మేడమ్, ఫోనులో పెడితే ఇంగ్లీషు వచ్చేస్తోంది. అది నేను చెప్పాలనుకున్నదో కాదో నాకు తెలియట్లేదు.’

ఇంగ్లీషు క్లాసుల్లో కూర్చుని, అసైన్‌మెంట్లన్నీ ఇచ్చి, పాసై వెళ్లిన పిల్లాడు అన్న మాట. వాడు కాపీ కొట్టాడా అని నేను అడగలేదు. వాడే చెప్పాడు, ఆరు సెమిస్టర్లూ ఎదుటి గది స్నేహితుడి రికార్డు చూసే రాశానని.

అందుకని నేను మిమ్మల్ని కోరేది పెద్ద పెద్ద కమిటీలు కాదు. అసైన్‌మెంట్ తీసుకున్నాక ప్రతి పిల్లతోనూ, ప్రతి పిల్లాడితోనూ నాలుగు నిమిషాలు దాని గురించి మాట్లాడదాం. టైమెక్కడిది అంటారని తెలుసు, నేనూ అన్నాను. లెక్క వేసి చూశాను: అరవై నలుగురికి నాలుగేసి నిమిషాలంటే రెండువందల యాభై ఆరు నిమిషాలు, అయిదు పీరియడ్ల పైన కొంచెం. సెమిస్టర్‌కి అయిదు పీరియడ్లు. ఈసారి చేసి చూశాను. రెండో రోజుకే పిల్లల్లో మాట పాకిపోయింది, ‘మేడమ్ అడుగుతారంట’ అని. తర్వాతి అసైన్‌మెంట్లో ఒకేలా ఉన్న కాగితాలు ఇరవై మూడు నుంచి నాలుగుకి తగ్గాయి. ఆ నలుగురితో మళ్లీ కూర్చున్నాను. ఇద్దరు సిగ్గుపడి తిరగరాశారు. ఒకడు ఒప్పుకోలేదు, సున్నా వేశాను. ఇంకో అమ్మాయి రాత్రిళ్లు బట్టల షాపులో పనిచేసి పదకొండింటికి ఇల్లు చేరుతోందని అప్పుడే తెలిసింది, వారం గడువిచ్చాను.

ప్రశ్నలు కూడా మార్చాలి. ‘చెరువు’ అని అడగడం నా తప్పే, ప్రతి ఊళ్లోనూ చెరువుంటుందని నేనే అనుకున్నాను. ‘మీ ఇంట్లో అమ్మ వాడే మాట, మీరు వాడని మాట ఒకటి చెప్పి, అది ఎప్పుడు వాడుతుందో రాయండి’ అంటే ఏ గైడులోనూ దొరకదు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో వెతికినా దొరకదు. కృష్ణ ఒడ్డున రాణిగారితోటలో ఉండే అబ్బాయినీ, పటమటలో అపార్ట్‌మెంట్లో ఉండే అమ్మాయినీ ఒకే ప్రశ్న అడిగి రెండు వేర్వేరు జవాబులు తెప్పించగలిగిన సబ్జెక్టు కాలేజీ మొత్తంలో మనదొక్కటే.

సాయానికీ, మోసానికీ తేడా కూడా పిల్లలకి మనమే గీత గీసి చూపించాలి. వత్తు ఎక్కడ పెట్టాలో పక్కమ్మాయిని అడిగితే తప్పు లేదు. నాయనమ్మ చెప్పిన సామెత రాస్తే తప్పు లేదు, నాయనమ్మ చెప్పిందని రాస్తే ఇంకా మంచిది. తెలియని మాటకి ఫోనులో అర్థం చూసుకోవచ్చు. వ్యాసం మొత్తం ఫోనే రాసిస్తే అది నీది కాదు. నేనిప్పుడు ప్రతి అసైన్‌మెంట్ చివర ‘దీనికి ఎవరి సాయం, దేని సాయం తీసుకున్నాను’ అని రెండు వాక్యాలు రాయమంటున్నాను. నిజం రాసినందుకు ఎవరికీ మార్కు తగ్గించనని ముందే మాటిచ్చాను. మొదట్లో అందరూ ‘ఎవరి సాయమూ లేదు’ అనే రాశారు. ఇప్పుడు ‘రెండో పేరా మా అక్క చెప్పింది’, ‘ఇంగ్లీషులో రాసుకుని తెలుగు చేశాను’ అని రాస్తున్నారు.

చివరగా మన సంగతి. మనం క్లాసులో చదివి వినిపించే నోట్సు ఎవరిది? ప్రమోషన్ కోసం వేసుకునే వ్యాసాల్లో ఎన్ని పేరాలు మనవి? డబ్బిచ్చి థీసిస్‌లు రాయించుకునేవాళ్లున్నారని మనందరం విన్నదే. పిల్లలు మనల్ని చాలా దగ్గరగా చూస్తారు. నేను ఇరవై ఏళ్ల కిందట రాసుకున్న నోట్సులో ఎవరి పుస్తకం నుంచి ఏది తీసుకున్నానో ఇప్పుడు వెతికి మార్జిన్‌లో పేర్లు రాసుకుంటున్నాను. సగం కూడా కాలేదు.

ట్యాంకరు అమ్మాయి మళ్లీ రాసుకొచ్చింది. మూడు పేజీలు. అందులో ‘చుట్టకుదురు’ అన్న మాట ఉంది, బిందె కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ చుట్ట. ఆ మాట నేను చిన్నప్పుడు మా మేనత్త నోట విన్నాను, ఆ తర్వాత ఎవరి నోటా వినలేదు, ఎవరి కాగితంలోనూ చూడలేదు. ‘వచ్చిద్ది’ పన్నెండు చోట్ల ఉంది. దేన్నీ కొట్టెయ్యలేదు. కింద పెన్సిల్‌తో ‘వస్తుంది అని ఎక్కడ రాయాలో తర్వాత మాట్లాడుకుందాం’ అని రాశాను. పదికి తొమ్మిది వేశాను. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గిందని వచ్చి అడిగింది, ముగింపు తొందరగా అయిపోయిందని చెప్పాను, ఒప్పుకుంది. ఇతరులకి చూపించనా అంటే ‘చూపించండి మేడమ్, పేరు మాత్రం చెప్పొద్దు’ అంది. ఆ కాగితం నా బీరువాలో పై అరలో ఉంది. మీరెవరైనా మా స్టాఫ్ రూముకి వస్తే తీసి ఇస్తాను.

ఇట్లు,
మీ తోటి తెలుగు అధ్యాపకురాలు,
గుంటూరు